ముందు ఇల్లు పూర్తి కానీ...

పోయిన శనివారం ఓ మిత్రుడింట్లో భోజనాలు. డాలస్ శివార్లలో మనవాళ్ళ భోజనాలెలా ఉంటాయో చెప్పాలా? ఆడవాళ్ళు వంటింటి దగ్గర, మగవాళ్ళు సోఫాల్లో, పిల్లలు మేడమీద. గ్రీన్‌కార్డు వరస ఎంత కదిలింది, ఇంటి వడ్డీ ఎంత పెరిగింది, ఎవరి ఉద్యోగం ఎప్పుడు ఊడుతుంది... ఈ నిత్య పారాయణం అయ్యాక మావాడు ఫోనును టీవీకి తగిలించి ఒక వీడియో చూపించాడు. వాళ్ళ ఊళ్ళో ముత్తాత కట్టించిన పెంకుటిల్లు. రెండేళ్ళు తంటాలు పడి బాగుచేయించాడట. ఆకాశం నుంచి డ్రోను దిగుతూ ఉంటుంది, వెనకాల వీణ మోగుతూ ఉంటుంది, పాలిష్ పట్టిన స్తంభాలు మెరుస్తూ ఉంటాయి, మండువా మధ్యలో ఇత్తడి గంగాళం, అందులో తామరపూలు. అందరం "అబ్బ!" అన్నాం. నేనూ అన్నాను. అని ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేక, "ముత్తాతగారి పేరేంట్రా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించి, "నాన్నకి తెలుసు" అన్నాడు.

"మరి తాతమ్మ పేరు?"

"ఒరేయ్, వడ్డించేస్తున్నారు పద" అన్నాడు.

వాణ్ణి ఎగతాళి చేయడానికి ఇది రాయడం లేదు. నేనూ ఆ తానులో ముక్కనే. మా ఇల్లు నేనూ బాగుచేయించాను, వీడియో నేనూ తీయించాను (వీణకు బదులు వేణువు, అంతే తేడా). కాబట్టి తిట్టే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను. పాత ఇల్లు బాగుచేయించడం మన ప్రవాసుల్లో కొత్త వ్రతమయింది. వ్రతం చేసుకోండి, తప్పులేదు. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని మనం ఇంకో పని ఎగ్గొడుతున్నాం. ఆ ఇంట్లో ఎవరు బతికారో, ఎలా బతికారో కనుక్కునే పని. అది ఎగ్గొట్టడమే కాకుండా, ఇల్లు నిలబెట్టాం కనక ఆ పని కూడా అయిపోయినట్టే అని మనకి మనమే రసీదు రాసిచ్చుకుంటున్నాం. నా కోపం ఈ రసీదు మీద.

ఇక నా సంగతి చెబుతాను.

మాది కోనసీమ. అమలాపురానికి పద్నాలుగు కిలోమీటర్లు. ఇంటి ద్వారబంధం మీద 1911 అని చెక్కి ఉంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక డెల్టాలో చేతిలో నాలుగు డబ్బులు ఆడినవాళ్ళు కట్టుకున్న మండువా లోగిళ్ళలో అదొకటి. నాలుగు వైపుల నుంచీ వాలే కప్పు, మధ్యలో ఆకాశం, వాన పడితే నీళ్ళు మండువాలోకి దిగి తూములోంచి వీధి కాలవలోకి పోతాయి. రంగం టేకు స్తంభాలు, తాటి దూలాలు, గూనపెంకులు, గానుగలో ఆడించిన సున్నంతో కట్టిన గోడలు. 1996 నవంబరు 6 తుఫానుకి పెంకులు సగం లేచిపోయాయి. తాతయ్య పోయాక మామ్మ రాజమండ్రిలో మా పెద్దత్తయ్య దగ్గరికి చేరింది. ఇంటికి తాళం. చెదలు, గబ్బిలాలు, మేకలు.

2018లో నాన్న అమ్మేద్దామన్నారు. నాకు పౌరుషం వచ్చింది. మా తరం పౌరుషం ఎలా ఉంటుందంటే, ముందు ఒక స్ప్రెడ్‌షీట్ తెరుస్తాం. నేనూ తెరిచాను. పెంకులకి ఒక కాలం, కర్రకి ఒక కాలం, కూలీలకి ఒక కాలం. మొత్తం 38 లక్షలయింది. నాలుగున్నరేళ్ళు పట్టింది. ఆ నాలుగున్నరేళ్ళలో నేను నేర్చుకున్నదానికి ఇంకో డిగ్రీ ఇవ్వొచ్చు. సున్నం ఎన్నాళ్ళు నాననివ్వాలి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ ఎందుకు కలుపుతారు, సున్నపు గోడకి సిమెంటు పూత పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడ ఎలా చెడుతుంది, ఇవన్నీ నేను నిద్రలో కూడా చెప్పగలను. అర్ధరాత్రి దాకా మేలుకుని మేస్త్రితో వీడియోలో మాట్లాడేవాణ్ణి. మా ఆవిడ "ఆ ఇంటినే పెళ్ళి చేసుకోవాల్సింది" అనేది.

ఆ రోజుల్లో మామ్మకి కూడా తరచూ ఫోన్ చేసేవాణ్ణి. ఎందుకనుకున్నారు? వసారా స్తంభాలకి మొదట ఏ రంగు ఉండేది, గాదె ఏ మూల ఉండేది, తులసికోట ఎత్తెంత అని అడగడానికి. మామ్మ రంగు గురించి మొదలుపెట్టి మనుషుల్లోకి వెళ్ళిపోయేది. "ఆ రంగు మా పెళ్ళికి వేయించారురా నాన్నా, అప్పుడు మీ తాతయ్యకి..." అనేలోపు నేను, "మామ్మా, అవన్నీ తర్వాత. ముందు ఇల్లు పూర్తి కానీ. అరుగు మీద కూర్చోబెట్టి, వీడియో పెట్టి, అన్నీ చెప్పించుకుంటా" అనేవాణ్ణి. నిజంగానే చెప్పించుకోవాలనే అనుకున్నాను సుమండీ. దానికోసం చొక్కాకి తగిలించే మైకు కూడా కొన్నాను. అది ఇవాళ్టికీ సొరుగులో, పెట్టెలోనే ఉంది. అట్ట కూడా విప్పలేదు.

2020లో ఒకరోజు మేస్త్రి వీడియోలో పడమటి వైపు గదులు చూపిస్తూ ఓ గోడ దగ్గర ఆగాడు. "బాబుగారూ, ఇది ఇంటితోపాటు కట్టిన గోడ కాదండి. మిగతాయన్నీ గానుగ సున్నం. ఇది ఉత్త బురద అడుసుతో పేర్చేశారండి. మందం కూడా సగమే. ఎందుకు కట్టారో మీ పెద్దాళ్ళనోపాలి అడగండి, ఆనక తీద్దాం" అన్నాడు.

ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. అడగమన్నాడు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసిన నేను "అక్కర్లేదు, కొట్టెయ్యండి. మనకి అసలు ప్లాను కావాలి" అన్నాను.

ఇక్కడ ఓ మాట. నా ఉద్యోగమే పాత ప్రోగ్రాములు బాగుచేయడం. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో ముప్ఫై నలభై ఏళ్ళ కిందట ఎవరో రాసిపోయిన వాటిని కొత్త యంత్రాల మీదికి తేవడం. కొత్తగా చేరిన పిల్లలకి నేను మొదటిరోజే చెప్పే పాఠం ఒకటుంది. కోడ్‌లో ఎందుకుందో తెలియని షరతు కనబడితే చెరపొద్దు, అది ఎప్పుడో ఏదో దెబ్బ తగిలితేనే అక్కడికొచ్చి ఉంటుంది, రాసినవాళ్ళు దొరికితే ముందు వాళ్ళని అడగండి అని. రాసినాయన రిటైరయి ఎక్కడో చేపలు పట్టుకుంటూ ఉంటే, ఫోన్ నంబరు సంపాదించి బతిమాలి కనుక్కున్న రోజులున్నాయి. జీతం ఇస్తే అంత వినయం చూపించేవాణ్ణి, మా ఇంటి గోడ దగ్గరికి వచ్చేసరికి అడగడానికి మామ్మ ఒక ఫోను దూరంలో ఉండగానే పలుగు అందుకోమన్నాను. గోడ పూటలో లేచిపోయింది. అందులో దీపం పెట్టుకునే గూడు ఒకటుండేది. మసి పట్టి ఉందని మేస్త్రి పంపిన ఫొటోలో చూశాను.

ఆ వారమే మామ్మకి గొప్పగా చెప్పాను. "పడమటి గదుల మధ్య గోడ తీయించేశా మామ్మా, ఇప్పుడు హాలు ఎంత పెద్దదయిందో" అని. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత, "తీయించేశావా..." అంది.

"ఏం మామ్మా?"

"ఏం లేదులే. తర్వాత చెబుతాలే. ముందు ఇల్లు పూర్తి కానీ."

నా మాట నాకే అప్పజెప్పింది. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

2021 మేలో మామ్మ పోయింది. ఆ నెల ఎలాంటిదో మీకు గుర్తుచేయక్కర్లేదు. 4వ తేదీ నుంచి ఇండియా నుంచి వచ్చేవాళ్ళ మీద ఇక్కడ ఆంక్షలు. వెళ్తే మళ్ళీ ఎప్పుడు రానిస్తారో తెలియదు. రాజమండ్రి శ్మశానంలో నలుగురంటే నలుగురు మనుషులు, నేను ఫోను తెరమీద. ఎనభై ఆరేళ్ళ మనిషిని నేను చివరగా అడిగిన ప్రశ్న, తులసికోట ఎన్ని అడుగులు అని.

2023 జనవరిలో సంక్రాంతికి గృహప్రవేశం చేశాం. తాతయ్య తమ్ముడు, మా చినతాతయ్య, ఎనభై నాలుగేళ్ళాయన, కర్ర పట్టుకుని వచ్చాడు. ఇల్లంతా తిరిగాడు. బాగుందిరా బాగుందిరా అంటూనే పడమటి హాల్లోకి వచ్చి నిలబడిపోయాడు. "ఇక్కడ గోడేదిరా?" అన్నాడు. చెప్పాను. "వెంకాయమ్మ పిన్ని గోడ కొట్టేశావూ?" అన్నాడు. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి.

మర్నాడు వాళ్ళింటికి పిలిచి ట్రంకుపెట్టెలోంచి ఒక దస్తావేజు తీసిచ్చాడు. 1934 నాటి మనోవర్తి దస్తావేజు. ఇల్లు కట్టింది మా ముత్తాత ఒక్కడే కాదు, అన్నదమ్ములిద్దరూ కలిసి కట్టారు. తమ్ముడు పిల్లలు పుట్టకుండానే చిన్నవయసులో పోయాడు. ఆయన భార్య వెంకాయమ్మ. ఉమ్మడి కుటుంబంలో వితంతువుకి అప్పటి చట్టం ప్రకారం ఆస్తిలో వాటా లేదు, కూడూ గుడ్డా ఇస్తే చాలు. ఆడవాళ్ళ ఆస్తిహక్కు చట్టం 1937లో వచ్చింది, అదీ అంతకు ముందే భర్త పోయినవాళ్ళకి వర్తించలేదు. పూర్తి హక్కు ఇచ్చిన హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది, అప్పటికి ఆవిడ లేదు. దస్తావేజులో ఉన్నది ఇదీ: బతికున్నంతకాలం పడమటి గదులు రెండు, దొడ్డిగుమ్మం గుండా నడక, ఏటా ఇంత ధాన్యం, కొన్ని కొబ్బరిచెట్ల మీద ఫలసాయం.

"మా నాన్న దయతలచి ఇచ్చాడనుకుంటున్నావేమో" అన్నాడు చినతాతయ్య. "ఆవిడ పుట్టింటివాళ్ళని పిలిపించి, పెద్దమనుషుల్లో పెట్టించి, వకీలు చేత నోటీసు ఇప్పిస్తే ఇచ్చాడు. గోడ ఆవిడే కట్టించుకుంది, తన ధాన్యం అమ్ముకుని. సున్నానికి డబ్బు చాలక మట్టితో పెట్టించింది."

బురద అడుసు. సగం మందం. మేస్త్రి గోడని సరిగ్గానే చదివాడు. ఎందుకో మాత్రం మనుషులే చెప్పాలి.

నేను "అసలు ప్లాను" అని దేన్నన్నాను? 1911లో ఇద్దరు అన్నదమ్ములు గీయించుకున్నదాన్ని. 1934లో ఒక ఆడది కొట్లాడి ఆ ఇంట్లో తెచ్చుకున్న మార్పు నా లెక్కలో చెత్త అయింది. ఆ ఇంట్లో ఆవిడ ఆనవాలు అంటూ ఉన్నది ఆ గోడ ఒక్కటే. నూరేళ్ళ చెదలు దాన్ని తినలేదు, 1996 తుఫాను కూల్చలేదు. కుటుంబ చరిత్ర కాపాడతానని బయల్దేరినవాడు కూల్చాడు.

"ఇంకా చెప్పు తాతయ్యా, ఆవిడ ఎలాంటిది?" అన్నాను. కొబ్బరి లౌజు చేసి పెట్టేదట. గట్టిగా మాట్లాడేదట. ఆయనకి పదమూడేళ్ళప్పుడు పోయిందట. "నాకేం తెలుసురా, పిల్లాణ్ణి. మీ మామ్మ కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ గదిలోనే పడుకునేది. ఇద్దరూ అర్ధరాత్రి దాకా ఒకటే మాటలు. పిన్ని సంగతులన్నీ వదినకే తెలుసు" అన్నాడు.

అదండీ సంగతి. వదిన అంటే మా మామ్మ.

ఇప్పుడు అసలు తగువుకి వస్తాను. మనం ఇల్లు ముందూ మనుషులు తర్వాతా అని ఎందుకు పెట్టుకుంటాం? టైము లేక అంటారు. అబద్ధం. పెంకుల రేటు కోసం మూడు ఊళ్ళకి ఫోన్లు చేసిన నాకు టైము లేదా? నాకు తోచిన కారణం, ఇల్లు ఎదురుచెప్పదు. మనం ఏం కథ చెబితే ఆ కథకి తలూపుతుంది. "మా ముత్తాత ధర్మాత్ముడు" అంటే స్తంభం కాదనదు. మనుషుల్ని అడిగితే అలా కాదు. ఎవరి పొలం ఎలా చేతికొచ్చింది, ఎవరిని పుట్టింటికి పంపేశారు, ఏ కూతురికి ఏం ఇవ్వలేదు, ఇవన్నీ బయటికొస్తాయి. పైగా ఇంటికి డబ్బు చాలు, అది మన దగ్గర ఉంది. మనుషుల దగ్గర వినాలి. మామ్మ చెప్పిందే మూడుసార్లు చెబుతుంటే ఓపిగ్గా కూర్చోవాలి. అది నెలకి ఇంతని పంపించి చేయించలేం.

ఈ మాటంటే నాకు ఎదురయ్యే వాదనలు కొన్నున్నాయి.

ఒకటి. "వంశం, వంశవృక్షం ఇదంతా కులగర్వమే కదా, ఎందుకు తవ్వడం?" అని. ఇందులో చాలా నిజముంది. పూర్వం పిచ్చుకగుంట్లవాళ్ళు (ఇప్పుడు వంశరాజులంటున్నారు) వచ్చి గోత్రాలూ వంశాలూ పాడేవాళ్ళు, పోషించే కులాల ఘనత పాడటమే వాళ్ళకి బతుకుతెరువు. కానీ అయ్యా, డ్రోను వీడియో చేసేదేమిటి? వీణతో పాడే వంశస్తుతి కాదూ అది? గర్వానికి మందు కావాలంటే అడగడం ఒక్కటే. నా అనుభవం వినండి. 1996 తుఫాను రాత్రి పేట జనమంతా మా ఇంట్లో తలదాచుకున్నారని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. గృహప్రవేశం నాడు పురోహితుడు కూడా ఆ ముక్క ఎత్తుకున్నాడు. వెంకాయమ్మ దెబ్బతో నాకు కాస్త బుద్ధొచ్చి, మా ఇంట్లో ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన ఒకావిడ దగ్గరికి వెళ్ళి అడిగాను. "మీ ఇంట్లోనా బాబూ?" అంది. "లోపలికి ఎవరు రానిచ్చారు? పశువుల సావిట్లో ఉన్నాం, గేదెలతోపాటు. మీ మామ్మగారు మట్టుకు రాత్రంతా గంజి కాస్తానే ఉన్నారు. అది అబద్ధం ఆడకూడదు." రెండు వాక్యాల్లో మా ఇంటి పాపం, మా మామ్మ పుణ్యం రెండూ సరిగ్గా తూచి ఇచ్చింది. ఆ పశువుల సావిడిని నేను అతిథుల గది చేయించాను. ఏసీ కూడా ఉంది.

రెండు. "కాగితాలు ఎక్కడికి పోతాయి, తీరిగ్గా వెతకొచ్చు" అని. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. 1950 నాటి అమెరికా జనాభా లెక్కల కాగితాలు డెబ్భై రెండేళ్ళ గడువు తీరి 2022 ఏప్రిల్లో బయటపెడితే, ఆ రాత్రే తాతగారి ఇంటి వరస దొరికించుకున్నాడు. మనకి ఆ దారి లేదు. మన జనాభా లెక్కల్లో ఇంటింటి వివరాలు చట్టరీత్యా గోప్యం. జనన మరణాల నమోదు దేశమంతటికీ ఒకే చట్టం కింద తప్పనిసరి అయింది 1969 చట్టంతో. కరణాలు, మునసబుల వ్యవస్థ 1984లో రద్దయింది, వాళ్ళ ఇళ్ళ అటకల మీది కట్టలు ఏమయ్యాయన్నది ఊరికో కథ. రిజిస్ట్రేషన్ వాళ్ళ కంప్యూటర్లో వెతికితే దొరికేవి 1983 తర్వాతి లావాదేవీలే. అంతకు ముందువి కావాలంటే పేరూ ఏడూ చేతబట్టుకుని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు తిరగేయించాలి. ఏ పేరు అని వెతుకుతారు? వెంకాయమ్మ అనే మనిషి ఉందని తెలియనివాడు వెంకాయమ్మ దస్తావేజు ఎలా వెతుకుతాడు? కాగితానికి తాళంచెవి మనిషి దగ్గర ఉంటుంది. మనిషి పోయాక బీరువా ఉన్నా లాభం లేదు.

మూడు. "మనకి చరిత్ర రాసుకునే అలవాటు లేదు" అని ఓ పెద్ద మాట. రెండు వందల ఏళ్ళ కిందట కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే మన తెలుగు అన్నదమ్ములు కల్నల్ మెకంజీ కొలువులో చేరి, తోటి ఉద్యోగులతో కలిసి తిరుగుతూ పెద్దల్నీ కరణాల్నీ అడిగి సంగతులు సేకరించారు. ఊళ్ళ గురించి అలా రాయించినవాటినే కైఫీయతులంటున్నాం. మెకంజీ 1821లో పోయాడు, ఆ రాతలు ఇవాళ్టికీ ఉన్నాయి. వాళ్ళు ఏ గుడికీ సున్నం వేయలేదు. కూర్చుని అడిగారు. అలెక్స్ హేలీ 'రూట్స్'ని సహవాసి గారు 'ఏడుతరాలు'గా తెలుగు చేస్తే మనవాళ్ళు ఎగబడి చదివారు. హేలీకి ఆ పుస్తకపు మొదటి మెట్టు ఏ పాత భవనమూ కాదు. టెన్నెసీలో అరుగు మీద అమ్మమ్మా, ఆవిడ చుట్టాలూ చెప్పుకునే కబుర్లు. చదివి కళ్ళు తుడుచుకున్నాం, మన అమ్మమ్మ ఫోను మాత్రం మ్యూట్‌లో పెట్టి మీటింగుకి వెళ్ళాం.

నాలుగు. "ఉమ్మి ట్యూబులో పోసి పంపిస్తే వాళ్ళే చెబుతారు" అనేవాళ్ళు. పంపించాను. దక్షిణ భారతం అని వచ్చింది. ఆ సంగతి మా ఇంటి ఆవకాయ జాడీ చూసినా చెప్పొచ్చు.

ఐదు. "ముసలివాళ్ళు చెప్పేదంతా నిజమా?" అని. కాదు. అందుకే ఇద్దర్ని అడగాలి, ముగ్గుర్ని అడగాలి. తుఫాను కథ నాకు నేర్పింది అదే. ఒక్కరే మిగిలేదాకా ఆగితే సరిచూసుకోవడానికి ఇంకొకరు ఉండరు.

ఇంకో మాట, ఇది మరీ ముఖ్యం. కాగితాల్లో మగవాళ్ళు ఎలాగో మిగులుతారు. పట్టా వాళ్ళ పేరు, పన్ను వాళ్ళ పేరు, ఇంటిపేరు వాళ్ళది. జారిపోయేది ఆడవాళ్ళు. 2015 గోదావరి పుష్కరాల్లో రాజమండ్రి రేవులో కూర్చుని తర్పణం వదులుతుంటే పురోహితుడు మూడు తరాల పేర్లు అడిగాడు. మగవాళ్ళ వరస నాన్న గడగడా చెప్పారు. నాన్న నాన్నమ్మ పేరు దగ్గర ఆగిపోయారు. అందరూ ఆవిణ్ణి 'పెద్దమ్మగారు' అనే పిలిచేవాళ్ళట. "పర్లేదండీ, కానివ్వండి" అని పురోహితుడు తర్వాతి మంత్రంలోకి వెళ్ళిపోయాడు. అప్పుడు మామ్మ బతికే ఉంది. ఎనభై ఏళ్ళు. అత్తగారి పేరు ఆవిడకి తెలియదా? ఒక్క ఫోను. చేయలేదు. పుష్కరాలు మళ్ళీ 2027లో. ఆ పేరు ఈసారి చెబుతాను, ఎందుకంటే వెంకాయమ్మ దస్తావేజుకి సాక్షుల్లో ఆవిడ వేలిముద్ర, పక్కన పేరు ఉన్నాయి. మహలక్ష్మమ్మ. తోడికోడలి కాగితం మీద, భర్తకి ఎదురుగా నిలబడి, సాక్షిగా వేలిముద్ర వేసిన మహలక్ష్మమ్మ. ఎందుకు వేసింది? ఎలా ఒప్పుకున్నాడు మా ముత్తాత? అది కూడా మామ్మకే తెలుసేమో.

ఇల్లు బాగుచేయించవద్దని నేను అనను. కానీ వరస మార్చండి. పెంకులు మరో ఏడాది కారనివ్వండి. కారితే ఒక బకెట్టు పెట్టుకోండి. చెదలు పట్టిన దూలం మార్చొచ్చు, నేను మూడు మార్చాను, తేడా ఎవరికీ తెలియదు. మీ అమ్మమ్మకి తొంభై నడుస్తోందా? అయితే మీ ఇంటి బడ్జెట్‌లో మొదటి పద్దు ఆవిడ. ఖర్చు సున్నా. గొప్ప మైకులు కొనకండి, కొని ఏం చేశానో చెప్పాను కదా. ఫోన్లో రికార్డు మీట నొక్కండి, చాలు. "మన చరిత్ర చెప్పు" అనకండి, ఎవరూ చెప్పలేరు. "నువ్వు కాపురానికి వచ్చిన మొదటిరోజు ఎక్కడ పడుకున్నావు?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న నేను అడిగి ఉంటే వెంకాయమ్మ గదిలోకి నేరుగా వెళ్ళేవాణ్ణి. మీ ఇంట్లో పనిచేసినవాళ్ళని కూడా అడగండి, చెప్పింది నచ్చకపోయినా రాసుకోండి.

నేను ఆ గోడ మళ్ళీ కట్టిద్దామనుకున్నాను. మేస్త్రిని అడిగితే, "కడతానండీ, ఎంతసేపు. కానీ అది ఆవిడ కట్టించిన గోడ అవ్వదు కదండీ" అన్నాడు. నిజమే కదా. నేల మీద గోడ ఉన్నచోట గచ్చు రంగు కాస్త వేరుగా ఉంటుంది. దాని మీద కొత్త పలకలు వేయించాల్సింది, ఆపించాను. ఎవరైనా ఇదేమిటని అడిగితే చెబుతున్నాను.

ఇప్పుడు ప్రతి శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి పెద్దత్తయ్యకి ఫోన్ చేస్తున్నాను. ఆవిడకి డెబ్భై రెండు. మామ్మ పక్కన పదకొండేళ్ళు ఉంది కదా, కొన్ని విని ఉంటుందని ఆశ. ఎక్కువ మరిచిపోయింది. కిందటి వారం మాత్రం మాటల మధ్యలో, "ఆవిడెవరో గోడ గూట్లో దీపం పెట్టుకుని భారతం చదువుకునేదని అమ్మ అనేదిరా" అంది. చదువు వచ్చన్నమాట వెంకాయమ్మకి. ఎవరు నేర్పారో ఇంకా తేలాలి.

ఎనిమిదింపావయింది. రాజమండ్రిలో తెల్లారిపోయి ఉంటుంది, అత్తయ్య కాఫీ కలుపుకుంటూ ఉంటుంది. ఇక ఉంటాను.